కొననివాడి పత్రిక

హాబీ పత్రిక కొనేవాడికి ఆ హాబీ ముందే ఉంటుందని పత్రికలు నడిపేవాళ్ల నమ్మకం. స్టాంపులు దాచేవాడు స్టాంపుల పత్రిక కొంటాడు, మొక్కలు పెంచేవాడు మొక్కల పత్రిక కొంటాడు. చందాదారుల జాబితా తీసి చూస్తే అందులో ఉన్నవాళ్లంతా అలాంటివాళ్లే కాబట్టి లెక్క సరిపోయినట్టే కనిపిస్తుంది. కానీ వాళ్లు ఆ జాబితాలోకి వచ్చిందెలా? మొట్టమొదట ఆ మోజు పుట్టిన రోజున వాళ్ల చేతిలో ఉన్న పత్రిక ఎవరు కొన్నది? నాకు తెలిసిన హాబీ మనుషుల్ని ఎవర్ని కదిపినా, ఎవరింటికో వెళ్లినప్పుడో, సెలూన్లో వంతు కోసం కూర్చున్నప్పుడో, రైల్లో ఎదుటి సీటాయన దగ్గర అడిగి తీసుకున్నప్పుడో ఆ పిచ్చి పట్టుకుందనే చెబుతారు. అంటే మొదటి ప్రతి వాళ్లు కొన్నది కాదు. దానికి డబ్బులిచ్చినవాడు ఇంకెవరో.

అచ్చు పత్రికా, డిజిటల్ పత్రికా అనే వాదం వచ్చినప్పుడల్లా మనవాళ్లు కాగితం వాసన దగ్గర మొదలుపెట్టి కళ్ల మంట దగ్గర ముగిస్తారు. ఆ రెండింటి మీదా నాకు పెద్ద పట్టింపు లేదు. కొత్త కాగితం వాసన వారం రోజులుంటుంది, ఆ తర్వాత అటకది ఏ వాసనైతే పత్రికదీ అదే. ఇక కళ్లంటారా, ఎనిమిది పాయింట్ల అక్షరాల్లో, సిరా అలుక్కుపోయిన న్యూస్‌ప్రింట్ మీద సీరియళ్లు చదివి పెరిగిన తరం మనది. స్క్రీన్ చేసే పాపం దానికంటే ఎక్కువేమీ కాదు. నన్ను తొలిచేది వేరే ప్రశ్న. కొననివాడికి, కొనాలని ఊహ కూడా లేనివాడికి పత్రిక చేరేదెలా?

రేడియో హాబీ సంగతి చూడండి. ప్రభుత్వ లైసెన్సు, కాల్ సైన్ తెచ్చుకుని, సొంత సెట్టుతో దేశదేశాలవాళ్లతో మాట్లాడే హామ్‌లు మన దగ్గరా ఉన్నారు. హైదరాబాదులో 1983 నుంచి ఇందుకోసం నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో అనే సంస్థే ఉంది. అయితే ఈ హాబీకి పెద్ద పత్రికలు చాలావరకు అమెరికావే. 1915 డిసెంబరులో మొదలైన, అక్కడి సంఘం అమెరికన్ రేడియో రిలే లీగ్ వారి ‘క్యూఎస్‌టీ’ ఇప్పటికీ నడుస్తోంది. 1945లో పుట్టిన ‘సీక్యూ’ 2023తో ఆగింది. వేన్ గ్రీన్ అనే దుడుకు ఎడిటర్ 1960లో పెట్టిన ‘73’ అనే పత్రిక 2003 దాకా బతికింది. పత్రికకు అంకె పేరేమిటనుకోకండి, హామ్‌ల సంకేత భాషలో 73 అంటే శుభాకాంక్షలు. ఈయన సంపాదకీయాలు చదివితే రేడియో కంటే తగాదాలే ఎక్కువ కనిపిస్తాయి. అయినా జనం మొదట తిప్పేది ఆ పేజీలే అంటారు.

ఆ క్యూఎస్‌టీ 2024 నుంచి ఒక కొత్త పద్ధతి పెట్టింది. అప్పుడు సంఘం సభ్యత్వం ఏడాదికి 59 డాలర్లు చేశారు. అందులో డిజిటల్ ప్రతి వస్తుంది. కాగితం మీద కావాలంటే మరో 25 డాలర్లు కట్టాలి. అంతకుముందు సభ్యత్వంతోపాటే అచ్చు ప్రతి ఇంటికొచ్చేది. నేషనల్ జియోగ్రాఫిక్ సంగతి ఇంకో రకం. 2023 ముగిసేసరికి అమెరికాలో దుకాణాల్లో అమ్మడం మానేసింది, చందాదారులకు మాత్రం కాగితం ప్రతి పంపుతూనే ఉంది. 1872లో మొదలైన పాపులర్ సైన్స్ 2021లో అచ్చు మానేసి డిజిటల్‌కి మారింది. మూడేళ్లు తిరక్కుండా ఆ డిజిటల్ పత్రిక కూడా ఆగిపోయింది.

లెక్కల పుస్తకం ముందు పెట్టుకుంటే ఇవన్నీ తెలివైన నిర్ణయాలే. దుకాణంలో పెట్టిన ప్రతి అంటేనే పత్రికవాడికి దడ. ఏజెంటు అడిగినన్ని ప్రతులు పంపాలి, కమీషన్ ఇవ్వాలి, అమ్ముడుపోనివి వెనక్కి తీసుకోవాలి. తిరిగొచ్చిన కట్టలు తూకానికి పోతాయి. చందాదారుడైతే డబ్బు ముందే కట్టేశాడు, ఎన్ని ప్రతులు అచ్చు వేయాలో ఖచ్చితంగా తెలుసు, ఒక్క కాగితం వృథా కాదు. అందుకే ఎక్కడ చూసినా వరస ఒకటే. పాత కాపుకి కాగితం, కొత్తవాడికి స్క్రీన్.

నా మట్టుకు నాకు ఇది తలకిందుల వ్యవహారంలా కనిపిస్తుంది. పాత కాపు ఎలాగైనా చదువుతాడు. ముప్పై ఏళ్లుగా ఆ పత్రికతో బతికినవాడికి పీడీఎఫ్ పంపినా చదువుతాడు, ఫోన్లో పంపినా చదువుతాడు, ఆఖరికి ఎవరైనా చదివి వినిపించినా వింటాడు. అతనికి ఏది ఎక్కడుందో తెలుసు, దేన్ని వెతకాలో తెలుసు. కొత్తవాడికే కాగితం కావాలి. తను వెతకని వస్తువు తన దారికి అడ్డం వస్తే తప్ప అలాంటిదొకటి ఉందని అతనికి తెలీదు. ముదిరిన సభ్యుడికి కాగితాన్ని భోగంలా అందిస్తూ దారినపోయేవాడికి యాప్ దింపుకోమని చెప్పడం, నేను చూసినంతలో, హాబీ పత్రికలు తమ కాళ్లకింద తాము తవ్వుకుంటున్న గొయ్యి.

దారినపోయేవాడి మాట వచ్చింది కాబట్టి కంప్యూటర్లవాళ్లు తరచూ చెప్పుకునే కథ ఒకటి చెప్పాలి. పాపులర్ ఎలక్ట్రానిక్స్ అనే హాబీ పత్రిక 1975 జనవరి సంచిక ముఖచిత్రంగా ఆల్టెయిర్ 8800 అనే పెట్టెను వేసింది. ఇంట్లో కూర్చుని మీరే బిగించుకోగల కంప్యూటర్, కిట్టు ధర 397 డాలర్లు. హార్వర్డ్ స్క్వేర్‌లో పత్రికలమ్మే దుకాణం దగ్గర పాల్ అలెన్ దాన్ని చూశాడు, కొన్నాడు, పరిగెత్తుకెళ్లి తన స్నేహితుడు బిల్ గేట్స్‌కి చూపించాడు. ఆ తర్వాత మైక్రోసాఫ్ట్. అలెన్ ఏ పాపం ఎరగని బాటసారి కాదు లెండి. పత్రికలు తిరగేయడం ముందునుంచీ అలవాటున్నవాడే. కానీ ఆ రోజు అతను ఇంట్లో పెట్టుకునే కంప్యూటర్ కోసం బయలుదేరలేదు. వెతకాలన్నా కుదరదు, లేనిదాన్ని వెతికేదెలా? ముఖచిత్రం వచ్చి మీద పడింది, అంతే.

ఈ కథలో నాకు నచ్చే ముక్క ఇంకోటుంది. ముఖచిత్రం మీద ఉన్నది కంప్యూటర్ కాదు, ఉత్త డొల్ల. దాన్ని తయారుచేసిన కంపెనీ వాళ్లు ఆల్బకర్కీ నుంచి న్యూయార్కుకు పంపిన అసలు నమూనా దారిలో పోయింది. సంచిక అచ్చుకు వెళ్లే గడువేమో దగ్గరపడింది. దాంతో లోపల ఏమీ లేని పెట్టెకు దీపాలూ స్విచ్చులూ తగిలించి ఫోటో తీశారు. ఇదే ఈ రోజు డిజిటల్ పత్రికకు జరిగి ఉంటే రెండు వారాలు ఆగి, నిజమైన పెట్టె వచ్చాకే పెట్టేవాళ్లు. ఆగే వీలుంటే ఎవరైనా ఆగుతారు. ప్రెస్సువాడు ఆగనివ్వడు.

ఇలాంటి హాబీ పత్రికలు మన దాకా ఎలా వచ్చాయంటే, ఎక్కువగా చెత్తబుట్ట దారినే. హైదరాబాదులో ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద, బెజవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కొట్ల ముందు కుప్పలు పోసి ఉండేవి. ఎవరో ఇంజినీరు బదిలీ అయి వెళుతూ తూకానికి వేసినవి, ఏ కాలేజీ లైబ్రరీయో పాతవని వదిలించుకున్నవి. ఢిల్లీ నుంచి 1969లో మొదలైన ఎలక్ట్రానిక్స్ ఫర్ యూ పాత సంచికలు నాకు దొరికింది అక్కడే. అందులో సర్క్యూట్ ఐడియాస్ అని ఒక శీర్షిక ఉండేది. నీళ్ల ట్యాంకు నిండితే మోగే అలారం, చీకటి పడితే వెలిగే దీపం, ఇలాంటి చిన్న చిన్న సర్క్యూట్లు. నా దగ్గరున్న ఒక సంచికలో ఒక బొమ్మ పక్కన సోల్డర్ చుక్క పడి కాలిన గోధుమరంగు మచ్చ ఉంది. ఆ మచ్చ పక్కనే రెసిస్టర్ విలువ కొట్టేసి పెన్సిల్‌తో ‘10కె పెడితేనే పని చేస్తుంది’ అని రాసి ఉంది. కింద మార్జిన్‌లో కూడికలు. కోఠీ గుజరాతీ గల్లీలో సామాన్ల బిల్లు అయి ఉంటుంది. ఆయన ఎవరో నాకు తెలీదు. ఆ పెన్సిల్ రాత మాత్రం పత్రిక ఇచ్చిన దానికంటే మంచి సలహా.

ఇక్కడ డిజిటల్‌కి ఇవ్వాల్సిన మార్కులు ఇచ్చేయాలి. అచ్చులో విలువ తప్పు పడితే సవరణ ఏ రెండు నెలల తర్వాతో ఒక మూల వస్తుంది. క్యూఎస్‌టీలో ఇందుకు ఫీడ్‌బ్యాక్ అని చిన్న శీర్షికే ఉంది. అది చూడనివాడు ట్రాన్సిస్టర్లు కాల్చుకుంటూ తన చేతినే అనుమానిస్తాడు. డిజిటల్ ప్రతిలో తప్పు తెలిసిన గంటలో బొమ్మనే మార్చేయవచ్చు. నేనైతే ఆ గుణం ఒక్కదానికే సర్క్యూట్ల పత్రికలన్నీ డిజిటల్‌కి వెళ్లినా అభ్యంతరం చెప్పను. 73, కంప్యూటర్ల పత్రిక ‘బైట్’ వంటివాటి పాత సంచికలు ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో బారుగా ఉన్నాయి. ఒకప్పుడు ఒక్క సంచిక కోసం ఆదివారాలు పోగొట్టుకున్నవాడికి అది స్వర్గం. కాకపోతే ఆ స్వర్గానికి దారి ముందే తెలిసి ఉండాలి.

కోఠీ సామాన్ల కొట్లో మాత్రం కాగితానిదే పైచేయి. పత్రిక గాజు కౌంటర్ మీద పరిస్తే కొట్టతను పెన్ను మొన పెట్టి వరసగా టిక్కులు కొట్టుకుంటూ పోతాడు. “గీ ఐసీ ఇప్పుడు వస్తలేదన్నా, దీని బదులు ఇంకోటిస్త, కాళ్లు గవే” అంటాడు. ఫోన్ చూపిస్తే “జర పెద్దగ చెయ్యన్నా” అంటాడు. పెద్దది చేస్తే అంకె కనబడుతుంది, అది ఏ తీగ మీద ఉందో కనబడదు. చిన్నది చేస్తే తీగ కనబడుతుంది, అంకె పోతుంది. వెనక నలుగురు నిలబడి ఉంటారు.

సరే, తెలుగు సంగతికి వద్దాం. తెలుగులో ఒక్క హాబీ కోసమే నడిచే పత్రికలు పెద్దగా నిలదొక్కుకోలేదు. కంప్యూటర్లు కొత్తగా ఇళ్లలోకి వస్తున్న రోజుల్లో కంప్యూటర్ ఎరా వచ్చింది. పిల్లల సైన్సుకు జన విజ్ఞాన వేదిక చెకుముకి ఉంది. మిగతావాటికి ఎందుకు లేవని అడిగితే చాలామంది మార్కెట్ చిన్నదంటారు. అది నిజమే కానీ సగమే. మనకు వారపత్రిక ఉండేది. అందులో ఒక పేజీ కుట్లు అల్లికలు, ఒక పేజీ వంటలు, ఒక మూల గళ్ల నుడికట్టు, ఇంకో మూల కలం స్నేహం. ఆ కలం స్నేహంలో ప్రతి పేరు కిందా అభిరుచులు అని ఒక వరస. స్టాంపుల సేకరణ, నాణేల సేకరణ, రేడియోలో పాటలు వినడం. ‘నాణేలు సేకరించడం కూడా ఒక పనా’ అని ఆశ్చర్యపోయి, మర్నాటి నుంచి తాతగారి పెట్టె వెతకడం మొదలుపెట్టిన పిల్లలు ఎంతమందో! ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ ప్రమదావనం దశాబ్దాల తరబడి నడిచింది. అందులో వంటా ఉండేది, ఎవరి ఇంటి సమస్యకో జవాబూ ఉండేది. ఒకదాని కోసం తెరిస్తే ఇంకోటి తగిలేది. యండమూరి ‘వెన్నెల్లో ఆడపిల్ల’లో హీరో చదరంగం ఆటగాడు. ప్రేమకథ కోసం చదివి, ఆటలో పడ్డ కుర్రాళ్లను నేనెరుగుదును.

సీరియళ్లు చింపి బైండు చేయించుకునే అలవాటు మన ఇళ్లలో ఉండేది గుర్తుందా? యద్దనపూడివో మాదిరెడ్డివో సీరియల్ పేజీలు వారం వారం జాగ్రత్తగా చింపి, ముగిశాక బైండింగుకి ఇచ్చేవాళ్లు. ఆ బైండు పుస్తకం తెరిస్తే కథ మధ్యలో, చింపిన పేజీకి అవతలి వైపు, ఏదో పచ్చడికి కావాల్సిన పదార్థాలు కనిపిస్తాయి. తయారుచేసే విధానం తర్వాతి పేజీలో ఉండి, ఆ పేజీ చిత్తుకాగితాల్లో పోయి ఉంటుంది. ఇంకో చోట సగం ముగ్గు. మా పిన్ని అలాంటి సగం ముగ్గును ఒకదాన్ని తన ఊహతో పూర్తిచేసి ధనుర్మాసంలో వాకిట్లో వేసింది. వీధి వీధంతా దాన్ని ఎక్కించుకున్నారు. అచ్చులో అసలు ముగ్గు ఎలా ఉందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

ముగ్గు దగ్గర కాసేపు ఆగుతాను. తెలుగు అచ్చు ప్రపంచంలో అన్నిటికంటే నికార్సయిన హాబీ ప్రచురణ ముగ్గుల పుస్తకమే అని నా అభిప్రాయం. సంక్రాంతికి ముందు బజార్లో, గాజుల బండి పక్కన, రంగుల పొట్లాల మధ్య వేలాడుతుంటుంది. పల్చటి పుస్తకం, నాసి కాగితం, లోపల ఒక్క వాక్యం కూడా ఉండదు. బొమ్మ కింద ‘15 నుంచి 8 వరకు, సందు చుక్క’ అని మాత్రం ఉంటుంది. తెలిసినవాళ్లకు అది చాలు. నడి వరసలో పదిహేను చుక్కలు పెట్టి, పైకీ కిందకీ ఒక్కొక్కటి తగ్గించుకుంటూ, పై వరస చుక్కల్ని కింది వరస సందుల్లోకి జరుపుతూ ఎనిమిది దాకా వెళ్లాలి. ఆరు మూలల ఆకారం తేలుతుంది. అదే ‘15 నుంచి 1 వరకు, ఎదురు చుక్క’ అంటే వరసకు రెండేసి తగ్గుతాయి, చుక్క ఎదురుగా చుక్క, నాలుగు మూలలే. ఇంత లెక్కను అరడజను మాటల్లో ఇమిడ్చిన ప్రచురణ మరొకటి నేను చూడలేదు.

ఇప్పుడు ముగ్గులన్నీ వీడియోల్లో ఉన్నాయి. పిన్ని కూతురు డల్లాస్‌లో ఉంటుంది, ఏటా తల్లికి వీడియోలు పంపుతుంది. “అమ్మా, కొత్తది పంపాను చూడు, ఈసారి ఇది వెయ్యి” అంటుంది. పిన్ని జవాబు ఎప్పుడూ ఒకటే. “చుక్కలెన్నో చెప్పవే ముందు.” వీడియోలో చుక్కలు ఉండవు. ఉన్నా అప్పటికే పెట్టేసి ఉంటాయి. ఒక చెయ్యి వచ్చి చకచకా గీతలు కలుపుకుంటూ పోతుంది, వేగం పెంచిన వీడియో కాబట్టి ఏ చుక్క నుంచి ఏ చుక్కకు మలుపు తిరిగిందో ఆపి చూసుకోవాలి. ఆపాలంటే తెర ముట్టుకోవాలి. వేళ్ల నిండా ముగ్గు పిండి. తెల్లారుజామున కళ్లాపి చల్లిన వాకిలి ఆరేలోపు వెయ్యాలాయె. ఫోన్ అరుగు మీద పెడితే నిమిషంలో తెర ఆరిపోతుంది, మళ్లీ వెలిగించాలంటే మళ్లీ పిండి. చివరికి పిన్ని ఏం చేస్తుందంటే, ముందు రోజు సాయంత్రమే ఆ వీడియో చూసి, క్యాలెండర్ కాగితం వెనక చుక్కలు పెట్టి ముగ్గు ఎక్కించుకుంటుంది. పక్కన ‘సందు చుక్క’ అని రాసుకుంటుంది. అంటే ఆ ఇంట్లో ఏటా ఒక్క ప్రతి అచ్చవుతోందన్న మాట. పొద్దున్నే ఆ కాగితాన్ని గొబ్బెమ్మ పక్కన రాయి కింద పెట్టుకుని వేస్తుంది.

అలాగని కూతురి ముచ్చటను తీసిపారేయలేం. జనవరి చలిలో డల్లాస్‌లో గ్యారేజీ నేల మీద సుద్దముక్కతో సంక్రాంతి ముగ్గు వేసే పిల్లకు ఏ బజారు నుంచి ముగ్గుల పుస్తకం వెళుతుంది? దూరం ఉన్న చోట డిజిటల్‌ని మించింది లేదు. తెలుగులో మొదటి తరం ఇంటర్నెట్ సాహిత్య పత్రిక ‘ఈమాట’ 1998లో అమెరికా తెలుగువాళ్ల చేతుల మీదుగా పుట్టడం కాకతాళీయం కాదు. పత్రికను కాగితం మీద వేసి, ఆ దేశమంత దూరాల్లో చెల్లాచెదురుగా ఉన్న చదువరులకు పోస్టులో పంపడమంటే తపాలా ఖర్చుకే పత్రిక మునిగేది. మన దేశంలో నమోదైన పత్రికకు తపాలా రాయితీ ఏళ్ల తరబడి పైసల్లోనే సాగింది. ఎన్నో చిన్న పత్రికలు ఆ రాయితీ దయ వల్లే ఊపిరి పీల్చాయి. అలాంటి వెసులుబాటు లేనివాళ్లు దారి వెతుక్కున్నారు.

ఇంకో సంగతి. డిజిటల్ అంటే వెతికితే దొరుకుతుందని కదా పేరు. మన తెలుగుకు ఆ పేరు కూడా పూర్తిగా చెల్లదు. మన పత్రికలూ పుస్తకాలూ చాలాకాలం పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో తయారయ్యాయి. కంటికి అవి తెలుగు అక్షరాలే, కంప్యూటర్ కడుపులో మాత్రం ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలిసిన గందరగోళం. అలాంటి ఫైలు నుంచి చేసిన పీడీఎఫ్‌లో ‘ముగ్గు’ అని వెతికితే ఒక్కటీ దొరకదు. కాపీ చేసి ఇంకోచోట అతికిస్తే చదవడానికి వీల్లేని గీతలు వస్తాయి. ఇంకా పాతవి, సీసం అక్షరాలతో కూర్చినవి, స్కాన్ చేసిన బొమ్మలుగానే ఉన్నాయి. యంత్రంతో చదివించబోతే ఒత్తుల దగ్గర తడబడుతుంది. 1947 జూలై నుంచి వచ్చిన చందమామల్ని అభిమానులు ఒక్కొక్కటే స్కాన్ చేసి దాచిపెట్టారు. వాళ్లకు చేతులెత్తి మొక్కాలి. కానీ ఏ కథ ఏ సంచికలో ఉందో తెలియకపోతే పేజీలు తిప్పుకుంటూ పోవడమే. ఒక రకంగా తెలుగు డిజిటల్ పాత సంచికల గుణం అబిడ్స్ ఫుట్‌పాత్‌దే. దేనికోసమో వెళ్లి ఇంకేదో పట్టుకుని వస్తాం. ఇది ఎవరూ కోరి పెట్టిన ఏర్పాటు కాదు, రేపు సాంకేతికత బాగుపడితే పోతుంది కూడా. పోవాలి.

ఎదురుపడటం అనే పనిని ఇప్పుడు యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్ చేస్తున్నాయి కదా అని మా అబ్బాయి వాదన. కాదనను. మిద్దె తోటల పిచ్చి తెలుగు నగరాల్లో ఇంతగా పాకిందంటే అందులో వీడియోలదీ వాట్సాప్‌దీ పెద్ద చెయ్యి. డాబా మీద బీరపాదు కాయడం ఎవరో చూపించారు, ఇంకొకరికి పంపారు, ఆవిడ మట్టి కుండీ కొన్నది. అయితే ఆ వీడియోలు ఎదురుపడే తీరు వేరు. నిన్న చూసినదాని చుట్టాన్నే ఇవాళ చూపిస్తాయి. బీరపాదు చూస్తే కాకరపాదు వస్తుంది, రేడియో ఎప్పటికీ రాదు. ఆపిల్ సంస్థ 2011లో న్యూస్‌స్టాండ్ అని ఒక యాప్ పెట్టి, అచ్చం దుకాణంలా చెక్క అరల బొమ్మ కూడా వేసింది. నాలుగేళ్లకు ఎత్తేసింది. ఆ అరల్లో కనిపించేవి మీరు అప్పటికే తెచ్చుకున్న పత్రికలు. దుకాణం అనిపించుకోవాలంటే మీరు కొననివి కదా ముందు కనబడాలి!

ఇంకా అసలు తేడా ఇంట్లో ఉంది. వారపత్రిక ఒకరు కొంటే ఇల్లంతా చదివేది. నాన్న రాశిఫలాలకు, అమ్మ సీరియల్‌కు, అక్క కుట్లకు, తమ్ముడు కార్టూన్లకు. ఒకరి పేజీ దాటితేనే ఇంకొకరి పేజీ వచ్చేది. ఆ దాటడంలో నాన్నకు కుట్లూ, తమ్ముడికి వంటలూ కంట్లో పడేవి. అల్లికల పేజీ చూసి ఊలుతో పక్షుల బొమ్మలల్లిన మా చిన్నాన్న ఒకాయన ఉండేవాడు. విద్యుత్ శాఖలో ఉద్యోగం. ఆఫీసులో ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దని ఇంట్లో అందరికీ ఒట్టు. ఫోన్ ఎవరిది వారిదే. ఆయనకు ఈ రోజుల్లో ఆ పేజీ ఏ దారిన తగిలేదో నాకు తోచదు.

ఇదంతా బెజవాడలో చిన్న ప్రెస్సు నడిపే నా మిత్రుడికి ఒకసారి చెప్పాను. ఒక పథకం కూడా చెప్పాను. చందాదారులందరికీ డిజిటల్ ప్రతి పంపుదాం. డబ్బు వాళ్లే కడతారు. ఆ డబ్బుతో కాగితం మీద వేసి ఒక్క ప్రతి కూడా చందాదారుడికి పంపకుండా సెలూన్లలో, పళ్ల డాక్టర్ల దగ్గర, బస్టాండు వెయిటింగ్ హాల్లో, ఆస్పత్రి వార్డుల బయట పెడదాం. నెలనెలా ఒక హాబీ. ఒకసారి హామ్ రేడియో, ఒకసారి నాణేలు, జనవరిలో ముగ్గులు.

అతను సాంతం విని, “కట్టేవాడికి కాగితం ఇవ్వవు, కట్టనివాడికి ఇస్తావు. ఇదెక్కడి యాపారం గురూ?” అన్నాడు.

కట్టేవాడు ఒకప్పుడు కట్టనివాడే కదా అన్నాను.

“సెలూన్లో పెడితే ఏమవుద్దో తెలుసా? పేజీ చింపి గెడ్డం నురగ తుడుస్తాడు.”

“ఎన్నో పేజీ చింపుతాడు?”

“ఎనకమాల అట్ట దగ్గర్నుంచే మొదలెడతాడు, ఎవడైనా.”

అయితే వెనక నాలుగు పేజీలూ ప్రకటనలకు వదిలేద్దాం అన్నాను. అతను నవ్వలేదు. కాలిక్యులేటర్ దగ్గరకు లాక్కుని, ఎన్ని పేజీలు, లోపల మ్యాప్‌లితోనా న్యూస్‌ప్రింటా, అట్ట ఒక్కటే రంగుల్లో చాలా, సెంటర్ పిన్ కొట్టించాలా అని వరసగా అడగడం మొదలుపెట్టాడు. ముగ్గుల సంచికకు మాత్రం న్యూస్‌ప్రింట్ వద్దని నేను పట్టుబట్టాను. తడి వాకిట్లో నిలవదు.